రెండు రోజుల తీగ

మా ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే, మా అత్తమ్మ మంచినీళ్ళ చెంబు చేతికిచ్చి అడిగే మొదటి మాట, "ఎన్ని దినాలుంటరు?" అని. అందులో విసుగేమీ లేదు లెండి. బియ్యం, పప్పు చూసుకోవాలి కదా, అదీ ఆవిడ లెక్క. "రెండు దినాలు" అని వాళ్ళంటే ఆవిడ నాలుగు రోజులకు సరిపడా సర్దిపెడుతుంది. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, ఆ లెక్క తప్పిన పాపాన పోలేదు. తప్పింది ఒకే ఒక్కసారి. 2020 ఆగస్టులో ఒక కుర్రవాడు మా వాకిట్లో అడ్డంగా నల్లటి తీగ ఒకటి పరిచి, "రెండు రోజులల్ల వచ్చి పాతిపెడ్తం అవ్వా" అని చెప్పి వెళ్ళాడు. అత్తమ్మ అలవాటు ప్రకారం నాలుగు రోజులనుకుంది. ఆ తీగ ఐదేళ్ళుంది.

కరోనా రోజులు మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే మా అబ్బాయి ఆ మార్చిలోనే కంప్యూటరు సంచీ భుజాన వేసుకుని నల్లగొండ వచ్చేశాడు. ఉద్యోగం ఇంట్లోనుంచే అన్నారు. బాగానే ఉంది, పిల్లవాడు కళ్ళముందుంటాడని నేను లోలోపల సంతోషించాను కూడా. కానీ మా ఇంట్లో సెల్‌ఫోను సిగ్నలు సరిగా వచ్చేది డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే. నల్లగొండ ఎండ సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. మే నెల మధ్యాహ్నం మీటింగు ఉందని వాడు ట్యాంకు నీడన గొడుగు వేసుకుని కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, నేను మెట్లెక్కి మజ్జిగ గ్లాసులు అందిస్తూ ఆ వేసవి గడిపాను.

చివరికి వాడే ఒక కంపెనీకి ఫోను చేశాడు. పేరెందుకు లెండి. పొద్దున పదింటికి ఫోను చేస్తే ఒంటిగంటకల్లా ఇద్దరు కుర్రాళ్ళు నిచ్చెన పట్టుకుని దిగారు. మూడింటికి ఇంటర్నెట్టు వచ్చేసింది. మావారూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. ఇదే ఇంటికి టెలిఫోను కోసం 1988లో దరఖాస్తు పెడితే 1994లో వచ్చింది. మా వాడు పుట్టకముందు పెట్టిన దరఖాస్తు. ఫోను మోగేసరికి వాడే పరుగెత్తి వెళ్ళి "హలో" అనేటంతవాడయ్యాడు. ఆరేళ్ళెక్కడ, ఐదు గంటలెక్కడ! పొంగిపోయి కుర్రాళ్ళకు టీ ఇచ్చి పంపించాను.

వాళ్ళు వెళ్ళాక బయటికొచ్చి చూద్దును కదా, కరెంటు స్తంభం మీదనుంచి వచ్చిన తీగ మా వేపచెట్టు కొమ్మ మీద కాసేపు విశ్రాంతి తీసుకుని, గేటు దిమ్మెకు మూడు చుట్లు చుట్టుకుని, అక్కడ కిందికి దిగి, వాకిలికి అడ్డంగా నలభై అడుగులు పాకి, కిటికీ పక్కన గోడకు కొట్టిన బెజ్జంలో దూరింది. ప్రహరీ గోడ వెంబడి తిప్పి తీసుకురావచ్చు కదా అని ముందే అడిగాను. "వైరు సాలదమ్మా" అన్నాడు. చాలని ఆ వైరు ఇంకో పది చుట్లు మిగిలి జామచెట్టుకు వేలాడుతోంది. అదేమిటంటే, "రేపెప్పుడన్న తెగితే అతకనీకి ఉండాలె గద" అన్నాడట మా అబ్బాయితో. తెగుతుందని వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

ఇల్లాలికి వాకిలంటే ఏమిటో వేరే చెప్పాలా? పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసే చోటది. చీపురు తీగకు తట్టుకునేది. తీగ ఎత్తి ఊడిస్తే మట్టి దానికింద మళ్ళీ చేరేది. కొన్నాళ్ళు ముగ్గు తీగకు ఇవతలగా వేశాను. కొన్నాళ్ళు అవతలగా వేశాను. ఆఖరికి విసుగొచ్చి, తీగనే అడ్డగీత అనుకుని దానికి రెండువైపులా చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. పక్కింటి సుభద్రమ్మగారు చూసి, "ఈ ముగ్గు కొత్తగ ఉన్నదే, ఏ పుస్తకంల దొరికింది?" అన్నారు.

తీగ లేనిదే ఏదీ ఇంటికి రాదు కాబట్టి ఓర్చుకోవాలి అని మావారు నాకు సర్దిచెప్పబోయారు. ఆ మాట నా దగ్గర చెల్లదు. ఎందుకంటే, ఏ తీగా లేకుండా అమెరికా వాళ్ళ ఉపగ్రహం నుంచి నేరుగా ఊళ్ళోకి టీవీ దిగడం నేను ఎనిమిదో ఏట కళ్ళారా చూశాను. మా పుట్టిల్లు మహబూబ్‌నగర్ జిల్లా. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఒక్క ఏడాది, 'సైట్' అని ఒక ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంచి టీవీలు పెట్టారు. మన దగ్గర ఆ ప్రయోగం జరిగిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ కూడా ఉంది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రమే ఇంకా లేదు, అది 1977లో కదా వచ్చింది! పట్నం వాళ్ళకంటే ముందు మా బడి వరండాలో టీవీ. దానికి తోడు ఆరుబయట ఒక పెద్ద గిన్నెలాంటిది. పదడుగుల వెడల్పు. తీరా దగ్గరికెళ్ళి చూస్తే కోళ్ళగూటికి కట్టే జాలీయే! ఆ జాలీలోంచి ముప్ఫైఆరువేల కిలోమీటర్ల పైనున్న బొమ్మ ఎలా వచ్చి పడుతుందో మా పంతులుగారు ఎంత చెప్పినా మా నాయనమ్మ నమ్మలేదు. "జాలీల నీళ్ళే నిలువయి, బొమ్మలు నిలుస్తయా?" అనేది. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం ఊరందరికీ వ్యవసాయం, ఆరోగ్యం, పాటలు. 1976 జూలై 31తో అంతా అయిపోయింది. ఉపగ్రహాన్ని వాళ్ళు మళ్ళీ తమ వైపుకు జరుపుకున్నారని చెప్పారు. ఆ తర్వాత ఆ పెట్టె ముందు కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాం పిల్లలం, మళ్ళీ వస్తుందేమోనని.

సరే, ఎక్కడికో వెళ్ళిపోయాను. కేబులు సంగతికి వస్తాను.

1990ల్లో మా వీధికి కేబులు టీవీ వచ్చినప్పుడు కూడా తీగలు ఇలాగే చెట్ల మీదా, చూర్ల మీదా వచ్చాయి. ఒప్పుకుంటాను. కానీ ఆ తీగకు ఒక మనిషి ఉండేవాడు. గడియారం సెంటరుకు దగ్గర్లో ఆయనకొక చిన్న గది, దానిమీద డిష్షులు. అలాంటివాళ్ళందరూ పోస్టాఫీసులో రిజిస్టరు చేయించుకోవాలని 1995లో చట్టం పెట్టారు. ఆయన కాగితం చూపించి మరీ నెలకు డబ్బులు వసూలు చేసేవాడు. సీరియలు మధ్యలో బొమ్మ పోయిందంటే వీధిలోని ఆడవాళ్ళమంతా డాబాలెక్కి ఒకరినొకరు, "మీకొస్తున్నదా?" "మాకూ లేదు" అని కేకలు వేసుకుని, ఎవరో ఒకరి పిల్లవాణ్ణి సైకిలు మీద తోలేవాళ్ళం. ఆయన తిట్లు తింటూనే నిచ్చెన ఎక్కేవాడు. తీగ కిందికి వేలాడుతోందంటే సాయంత్రానికి పైకి కట్టి పోయేవాడు, లేకపోతే నెల డబ్బుల దగ్గర మా అత్తమ్మ చేతికి చిక్కుతాడు మరి.

తరువాత డబ్బాలొచ్చాయి. 2019 ఫిబ్రవరి నుంచి కొత్త లెక్కలొచ్చాయి. వంద చానళ్ళకు నూట ముప్ఫై, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు, ఆ పైన మనకు కావలసిన చానలుకు దాని ధర దానికి. ఆ నలభై పైసలు ఎలా ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. మన ఆపరేటరు చూస్తుండగానే పెద్ద కంపెనీ చేతికింద మనిషయిపోయాడు. ఇంటర్నెట్టు కూడా ఆయన కుర్రాళ్ళే వేస్తారు, కానీ కంపెనీ పేరున. అంటే తిట్టడానికి మనిషి ఎదురుగానే ఉన్నాడు గాని, తిట్టి ప్రయోజనం లేదు. తీగ ఆయనది కాదు. తీగ ఎవరిదో వాళ్ళు మనుషుల్లా కనిపించరు, ఫోనులో అంకెల్లా వినిపిస్తారు.

మావారు ఆ అంకెలతో పడిన అవస్థ చెప్పాలి. ఆయన రిటైరైన తెలుగు పండితులు. తెలుగు కోసం రెండు నొక్కమంటే నొక్కారు. నెట్టు రాకపోతే ఒకటి, నెమ్మదిగా వస్తే రెండు, బిల్లు గురించి మూడు. 'వాకిట్లో తీగ' అన్నదానికి అంకె లేదు. ఎంతోసేపు సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికింది. ఈయన గొంతు సవరించుకుని, "అమ్మాయీ, మీ తీగను మా ప్రాంగణంలో భూస్థాపితం చేయవలసి ఉన్నది" అన్నారు. అవతల కాసేపు నిశ్శబ్దం. "ఎవరిని సార్?" అంది ఆ పిల్ల, భయంగా. ఈయన తేలిక మాటల్లో చెబుదామని, "పాతిపెట్టాలమ్మా, పాతిపెట్టాలి" అన్నారు. అది ఇంకా అధ్వాన్నమైంది. చివరికి సంగతి అర్థమయ్యాక ఆ అమ్మాయి అడిగింది, "సార్, మీకు నెట్టు వస్తోందా?" "వస్తోందమ్మా." "థాంక్యూ సార్." పది నిమిషాల్లో ఫోనుకు సందేశం, మీ సమస్య పరిష్కరించబడినది అని.

ఇలా ఎన్నిసార్లో. ఒకసారి మా అబ్బాయే ఉపాయం చెప్పాడు, నెట్టు రావడం లేదని చెప్పండి నాన్నా, మనిషి వస్తాడని. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సత్యవాక్యం మీద పాఠం చెప్పిన మనిషి, గోడవైపు తిరిగి ఆ అబద్ధం ఆడారు. మనిషి వచ్చాడు. పచ్చ దీపం చూశాడు. "నెట్టు వస్తున్నది గద సార్" అన్నాడు. తీగ చూపించాం. "అది వేరే టీము సార్. చెప్త, రెండు రోజులల్ల వస్తరు" అని బండెక్కాడు.

మా అబ్బాయి 2022లో హైదరాబాదు తిరిగి వెళ్ళిపోయాడు. తీగ ఉండిపోయింది. మేమూ దానికి అలవాటుపడ్డామని ఒప్పుకోవాలి. రోజూ చూసే దాన్ని ఎన్నాళ్ళని చూస్తాం? పాలబ్బాయి బండి దానిమీంచే పోయేది. బతుకమ్మ పండగకు వీధిలోని ఆడవాళ్ళు మా వాకిట్లోనే ఆడతారు, మాదే కాస్త విశాలం. చుట్టూ తిరిగేటప్పుడు తీగ దగ్గరికి రాగానే చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి దాటేవాళ్ళు. సాయంత్రపు మసక వెలుతురులో నేను పక్కన నిలబడి, "జాగ్రత్త, తీగ" అంటూ ఉండేదాన్ని. అదే నా పాటయిపోయింది ఆ తొమ్మిది రోజులూ.

అందరూ దాటారు గాని, ప్రతిరోజూ కష్టపడి దాటింది మా అత్తమ్మ ఒక్కతే. ఆవిడ పుట్టింది మర్రిగూడ వైపు. ఆ ప్రాంతపు నీళ్ళలోని ఫ్లోరైడు సంగతి ఈ జిల్లాలో ఎవరికి తెలియదు? ఎముకల్లో చేరి కీళ్ళు బిగదీసేస్తుంది. ఎనభై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు సగమే వంగుతాయి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. కింద ఏముందో వంగి చూసే వీలు లేదు. నలభై అడుగుల తీగలో ఎక్కడ దాటాలో ఆవిడ గుర్తు పెట్టుకుంది: జామచెట్టుకు సూటిగా, గేటుకు పది అడుగులు ఇవతల.

2025 జూలైలో, ఆషాఢమాసం వానొకటి కురిసి వెలిసిన పొద్దున, బురదలో తీగ తను ఉండవలసిన చోటినుంచి జానెడు జరిగి ఉంది. పాలబండి లాగిందో, కుక్క లాగిందో. అత్తమ్మ తన గుర్తు ప్రకారం కాలెత్తి దాటింది, ఆ కాలు దించినచోటే తీగ ఉంది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి కుడిచెయ్యి కింద పెట్టుకుని పడి ఉంది. "ఏం గాలేదు బిడ్డా, పాలు పొంగుతయి పో" అంది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఈ వయసులో, ఈ ఎముకలకు, తుంటి విరగకపోవడం మీ అదృష్టం అన్నారు డాక్టరుగారు.

ఆ ఆరు వారాలూ నేను ఆవిడకు అన్నం కలిపి పెడుతూ, జడ వేస్తూ, లోపల రగిలిపోయాను. కంపెనీకి ఫోను చేస్తే తీగ వేసింది మీ ఊరి ఆపరేటరు అన్నారు. ఆపరేటరును అడిగితే కంపెనీ చెప్పినట్టు వేశాం, తవ్వే పని మాకివ్వలేదు అన్నాడు. మున్సిపాలిటీలో మీ ప్రహరీ లోపలి సంగతి మాకు సంబంధం లేదన్నారు. నిజమే. కరెంటువాళ్ళు స్తంభం మాది, దానిమీద తీగ మాది కాదు అన్నారు. అదీ నిజమే. అందరూ నిజమే చెప్పారు, అత్తమ్మ చెయ్యి మాత్రం విరిగింది. పెద్దవాళ్ళ మీద ఏమీ చేయలేనప్పుడు మనకోపం ఎవరిమీదికి పోతుంది? ఆ తీగ వేసిన కుర్రవాడి మీదికి. వీధిలో కనబడితే కడిగేద్దామని మాటలు కూడా కూర్చిపెట్టుకున్నాను.

కట్టు విప్పే రోజులకే హైదరాబాదు రామంతాపూర్ వార్త వచ్చింది. ఆగస్టు నెల, కృష్ణాష్టమి ఊరేగింపు. రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. టీవీలో చూస్తూ అన్నం సహించలేదు. ఆ వెంటనే స్తంభాల మీద వేలాడే కేబులు తీగలన్నీ తీసేయమని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. హైదరాబాదులో కట్టలు కట్టలుగా కోసి రోడ్డు మీద పారేశారు. మా అబ్బాయి ఇంట్లో నెట్టు పోయింది. కేసు హైకోర్టు దాకా వెళ్ళింది. ఐదేళ్ళుగా కళ్ళకు కనిపించని తీగలు ఒక్క వారంలో రాష్ట్రమంతటికీ కనిపించాయి.

మావారు పేపరు మడిచి, "చూడు, మిషన్ భగీరథకు 2015లో మన చౌటుప్పల్లో పైలాను పెట్టినప్పుడే, నీళ్ళ పైపులు వేసే గుంటలోనే ఫైబరు కూడా వేద్దామని అనుకున్నారు. పైపులతోపాటే వేశారు కూడా. పోయినేడు డిసెంబరులో మీ పుట్టింటి దిక్కు మద్దూరులో ఆ టీ-ఫైబరు మొదలుపెట్టారు కదా. ఊరి దాకా భూమిలోనే వస్తుంది. చిక్కంతా ఊళ్ళోంచి ఇంట్లోకి వచ్చేటప్పుడే" అన్నారు. నీళ్ళ పైపు అయితే గడప దాకా పాతారు, మా అత్తమ్మ చూస్తుండగానే. నీళ్ళు గాల్లో రావు మరి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా వీధి స్తంభం మీద ఒక కుర్రవాడు కనిపించాడు. వాడే. చేతులకు తొడుగుల్లేవు, నడుముకు బెల్టు లేదు. కిందికి జారిన తీగలన్నీ ఒకదగ్గర చేర్చి పైకి కడుతున్నాడు. నేను కూర్చిపెట్టుకున్న మాటలన్నీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వాడు దిగాడు. నన్ను చూసి తల దించుకుని, "అవ్వకెట్లున్నదమ్మా?" అన్నాడు.

తెలుసన్నమాట. రెండు నెలలుగా మా వీధికి ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది.

లోపలినుంచి అత్తమ్మ, "ఎవరే?" అంది. "తీగ పిలగాడు" అన్నాను. "లోపలికి రమ్మను, ఎండల నిలబెట్టినవా?" అంది. నా మాటలన్నీ గాలికి పోయాయి. వాడు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. మోచేతి దగ్గర తోలు ముడతలు పడి తెల్లగా ఉంది. ఏమిటది అంటే, పోయినేడు వానాకాలం అన్నాడు. మా తీగ చివర పట్టుకుని చూపించాడు. లోపల వెంట్రుకంత గాజు పోగు, దానికి తోడుగా సన్నని ఉక్కు తీగ. "గాజుల కరెంటు రాదమ్మా, ఉత్త వెలుగే వస్తది. గీ ఇనుప తీగ ఉన్నది సూడు, ఇది పైన కరెంటు వైరుకు తగిలిందంటె ఇగ అంతే. నాకు అట్లనే తాకింది. కింద ఇసుక కుప్ప ఉండె, బతికిన."

"మరి తవ్వి పాతమంటే ఐదేళ్ళు తిప్పితివేంరా?" అన్నాను. కోపంగానే అన్నాననుకుంటాను, గొంతు రాలేదు.

"కనెక్షనుకు ఇంత అని ఇస్తరమ్మా. తవ్వెదానికి ఏమియ్యరు. మన దగ్గర అడుగు లోతు పోతె బండనే తగులుతది. ఒక ఇంటికి దినమంత పోతది. ఆ దినం కూలి ఎవరిస్తరు? రెండు రోజులు అని చెప్పమంటరు, చెప్తం."

నల్లగొండ పేరులోనే కొండ ఉంది. గడ్డపార వేస్తే మొరం, మొరం కింద బండ. అది నాకు తెలియనిదేం కాదు.

అత్తమ్మ అప్పటిదాకా వింటూ కూర్చుని, "ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ ఎన్నడు?" అంది. సెప్టెంబరు 21 అని చెప్పాను. "అయితే దానికి ముందటి ఐతారం పెట్టుకోండ్రి. మనమే తవ్వుదం. నువ్వు ఆ అతికే మిషను తెచ్చుకో బిడ్డా, కూలి నేనిస్త" అంది.

ఆదివారం పొద్దున ఏడింటికి వాడొచ్చాడు. అతికే మిషను ఓనరుకు చెప్పకుండా తెచ్చాడని తరువాత తెలిసింది. పందికొక్కులు కొరక్కుండా నలభై అడుగుల పైపు మేమే కొనితెచ్చాం. తీగను మరీ వంచితే లోపల గాజు విరుగుతుందట, మూలల్లో గుండ్రంగా తిప్పాలన్నాడు. మావారు పంచె ఎగగట్టి గడ్డపార పట్టుకున్నారు. నాలుగు పోట్లు వేశారో లేదో ఖంగుమంది. బండ. ఇటు జరిగి వేశారు. అక్కడా బండే. పది గంటలకు ముగ్గురం కలిసి తవ్వింది మూడడుగులు లేదు. వాడు నా ముఖం చూశాడు, చెప్పాను గదా అన్నట్టు.

అప్పుడు అత్తమ్మ కుర్చీలోంచి, "జామచెట్టు పక్కకు తవ్వుండ్రి. అక్కడ మెత్తగుంటది" అంది. ఎందుకుంటుందో ఎవరమూ అడగలేదు. తవ్వాం. మెత్తగానే దిగింది. అడుగు పోయాక పార ఇటుకకు తగిలింది. ఇటుక పక్కన ఇటుక, వరసగా, గేటునుంచి ఇంటిదాకా. ఒకటి తీసి చూస్తే కింద ఇసుక, ఇసుకలో వేలంత లావు నల్లటి తీగ.

మా టెలిఫోను తీగ! 1994లో వేసింది. ఆనాడు టెలిఫోను శాఖవాళ్ళు నలుగురు వచ్చి ఒక రోజంతా బండ కొట్టి తవ్వుతుంటే, వాళ్ళకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది మా అత్తమ్మే. నేను అప్పుడు చంటిపాపతో పుట్టింట్లో ఉన్నాను. 2016లో ఫోను తీసేయించాం, తీగ సంగతి మరిచేపోయాం. ఆరేళ్ళు ఆలస్యం చేశారని ఆ ఫోనువాళ్ళను మేం తిట్టని తిట్టు లేదు. వాళ్ళు వేసిన తీగ ఎక్కడుందో ఇరవై రెండేళ్ళు మా కాలికి గాని, కంటికి గాని తెలియనే లేదు.

"ఇటికెలెందుకు పెట్టిండ్రు సార్?" అన్నాడు కుర్రవాడు. వాడికి ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ఇన్ని వందల ఇళ్ళకు తీగ లాగినవాడు, తీగ మీద ఇటుక పరచడం ఎన్నడూ చూడలేదు. మావారికి చాన్నాళ్ళకు ఒక విద్యార్థి దొరికాడు. "రేపు ఎవడో తెలియనివాడు ఇక్కడ గడ్డపార వేస్తాడనుకో, ముందు ఇటుక తగులుతుంది. చెయ్యి ఆగుతుంది. వాడికీ మేలు, తీగకూ మేలు" అని చెప్పారు. వాడు ఆ ఇటుకను తిప్పి తిప్పి చూశాడు.

ఆ గాడిలోనే పాత తీగ పక్కన కొత్త పైపు పెట్టాం. వాడు తీగ కోసి, పైపులోంచి దూర్చి, ఆ చిన్న మిషనులో రెండు గాజు కొసలు పెట్టి అతికించాడు. మిషనులో నీలిగా తటాలున ఒక మెరుపు, అంతే. పచ్చ దీపం వెలిగింది. పైన ఇసుక పోసి, పాత ఇటుకలన్నీ ఒక్కొక్కటీ తెచ్చి వాడే పేర్చాడు. మేం చెప్పలేదు. సాయంత్రం నాలుగైంది. కూలి తీసుకోనని కాసేపు, తీసుకోమని కాసేపు వాడూ అత్తమ్మా పోట్లాడుకున్నారు. అత్తమ్మే గెలిచింది.

గేటు అవతల తీగ వేపచెట్టు మీదనుంచి స్తంభానికి ఇంకా గాల్లోనే ఉంది. దానికి మేం చేయగలిగిందేమీ లేదు. వాడు మాత్రం దాన్ని కరెంటు తీగలకు దూరంగా, మనిషి చేతికందనంత ఎత్తున కట్టి వెళ్ళాడు. నేను అత్తమ్మ పాత తోటపని తొడుగులు, రబ్బరువి, వెతికి ఇచ్చాను. వాటితో కరెంటు ఆగదని తెలుసు. "మీ ఓనరును అడిగి సరయినవి తెచ్చుకో, తేకపోతే నాకు చెప్పు, నేనే వచ్చి అడుగుత" అంది అత్తమ్మ. అడుగుతుంది కూడా.

ఎంగిలిపూల నాడు వాకిలంతా నున్నగా అలికి, అడ్డగీత లేకుండా పెద్ద ముగ్గు వేశాను. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు ఏడొచ్చాయి. అత్తమ్మ వద్దంటే వినకుండా రెండు చుట్లు తిరుగుతానని దిగింది. చప్పట్లు కొడుతూ నెమ్మదిగా నడుస్తూ, జామచెట్టుకు సూటిగా వచ్చేసరికి, ఆగి, కాలెత్తి, లేని తీగను జాగ్రత్తగా దాటింది. నవ్వబోయాను. వెనకాల సుభద్రమ్మగారూ అక్కడికి రాగానే కుచ్చెళ్ళెత్తి దాటారు. ఆ వెనక ఇంకొకరు. ఐదేళ్ళ అలవాటు కదా. వరసలో ఆఖర్న ఎదురింటికి కొత్తగా వచ్చిన కోడలు పిల్ల, వీళ్ళందరినీ గమనించి, మన నల్లగొండ ఆటలో ఇదొక అడుగు కాబోలు అనుకున్నట్టుంది, అక్కడికి వచ్చినప్పుడల్లా పొందికగా ఒక చప్పట కొట్టి, కాలెత్తి వేస్తోంది.